అరవై మూడో పేరు

పదకొండూ నాలుగు నిమిషాలకి, ముప్ఫై తొమ్మిదో మనిషి పని సగంలో ఉండగా, తెర మీద తిరిగొచ్చిన ఉత్తరాల జాబితాలో కొత్త వరుస ఒకటి వచ్చి చేరింది. పంపినవారి గడిలో ఉన్నది అతని భార్య పేరు. చేరవలసినవారి గడిలో రిజర్వాయరు శాఖ పెద్ద ఇంజనీరు. విషయం: సర్వే అధికారి పోస్టు, నా అంగీకారం. అతను మౌసు మీదనుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, వేడి గిన్నె ముట్టుకున్నవాడిలా. వెళ్తోందన్నమాట, ఆ దూరపు ఊరికి. శుక్రవారం సాయంత్రం నుంచి ఇవాళ పొద్దుటిదాకా ఒకే ఇంట్లో తిరిగి, ఒకే బల్ల దగ్గర తిని, ఒకే మంచం మీద చెరో పక్కకీ తిరిగి పడుకుని కూడా ఆమె చెప్పలేదు. అబ్బే, ఆమెననడం దేనికి, అతను అడిగితేగా! ఆ ఊసు ఎత్తకుండా ఉంటే దానంతటదే పోతుందనుకున్నాడు, తలుపు తీయకపోతే విసుగెత్తి వెళ్ళిపోయే అమ్మకాలవాడిలా. పోలేదు, తెర మీదికొచ్చి కూర్చుంది. పక్కన ఎర్ర గుర్తు: చేరలేదు. పన్నెండింటిలోగా అంగీకారం చేరకపోతే ఆ పోస్టు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది, ఆ సర్క్యులరు ఆఫీసులో అందరికీ పంపిందీ అతనే. గడువు సంగతి ఆమెకి తెలుసు. తన ఉత్తరం చేరలేదన్న సంగతి మాత్రం తెలీదు. ఈ నాలుగంతస్తుల భవనంలో అది తెలిసినవాడు అతనొక్కడే.

ఆమెకి ఎందుకు తెలీదంటే, అదీ ఈ మహానుభావుడి తెలివే. నీళ్ళ సరఫరా సంస్థ అది, ఆరేడు ఊళ్ళలో శాఖలు, వెయ్యి పైచిలుకు మంది, వాళ్ళ మధ్య తిరిగే మెయిళ్ళన్నీ ఇరవై మూడేళ్ళుగా ఇతని చేతి మీదుగానే పోతాయి గనక అందరికీ ఇతను పోస్టుమాస్టరు. మెయిలు అనడు, ఉత్తరమనే అంటాడు, అది తనకి పని నేర్పిన గురువుగారి అలవాటు. శనాదివారాలు కూర్చుని ఉత్తరాల పెట్టెలన్నిటినీ పాత సర్వరు మీదనుంచి కొత్త సర్వరు మీదికి మార్చాడు. పాతదాన్ని అద్దెకిచ్చినవాళ్ళు ఆదివారం సాయంత్రమే తుడిచేసి పట్టుకుపోయారు. మార్చాక తన సొంత ఫోన్లోంచి ఓ పది ఉత్తరాలు పంపి చూశాడు, పదీ టంచనుగా వచ్చాయి, హమ్మయ్య అనుకుని ఇంటికెళ్ళి పడుకున్నాడు. బయటనుంచి పంపినవి ఎందుకు రావు! బయటివాళ్ళకి తెలిసింది ఒకటే చిరునామా, గుమ్మం మీద రాసి ఉండేది. లోపలివాళ్ళ సంగతి అలా కాదు. పక్క గదిలో మనిషి పేరు మొదటి అక్షరం కొట్టగానే మిగతాది కంప్యూటరే పూర్తి చేస్తుంది కదా, ఆ పేరు వెనక దానికి గుర్తున్నది గుమ్మం చిరునామా కాదు, పాత సర్వరు ఏ కాలంలోనో ఆ మనిషికిచ్చిన చాంతాడంత లోపలి చిరునామా. కొత్త సర్వరు అది చూసి, ఈ మనిషెవరో నాకు తెలీదు పొమ్మంటుంది. అందుకని ప్రతి కొత్త పెట్టెకీ ఆ పాత చిరునామాని కూడా అతికించాలి. ఎవరికి తెలియకపోయినా అతనికి తెలుసు. అన్నీ ఒక పట్టికలో రాసి పెట్టుకున్నాడు కూడా. శుక్రవారం సాయంత్రం కొన్ని వరుసలు కనబడకుండా దానికి వడపోత పెట్టి, మిగతావి సరిచూసుకుంటుంటే ఫోను మోగింది. మాట్లాడి పెట్టేశాక వడపోత తీయడం మర్చిపోయాడు. కనబడుతున్న వరుసలనే నకలు చేసి, అంతా వచ్చేసిందనుకుని, అసలు పట్టికని పాత సర్వరుతోపాటే పోనిచ్చాడు. ఆ ఫోను ఆమెదే.

ఇక రెండో తెలివి. ఉత్తరం చేరకపోతే మామూలుగా పంపినవాళ్ళకే కబురు తిరిగొస్తుంది. వెనకటి మార్పప్పుడు ఆ కబుర్ల భాష చూసి జనం హడలెత్తి, వైరస్సు పట్టిందని కొందరు, ఉద్యోగం పోయిందని కొందరు, రోజంతా ఫోన్లతో ప్రాణం తీశారు. ఈసారి ఎవరూ కంగారు పడకూడదని కబుర్లన్నిటినీ తన తెర మీది జాబితాకే మళ్ళించాడు, చేరని ఉత్తరాలు తన దగ్గరే నిలవ ఉండేట్టు. తొమ్మిదింటికి వచ్చి చూసుకునేసరికి రెండువందల పైన. ఇప్పుడు నాలుగువందల పన్నెండు, అరవై ముగ్గురు మనుషులకి చేరవలసినవి. పంపినవాళ్ళంతా పంపేశామనుకుని నిశ్చింతగా ఉన్నారు. ఆమె కూడా మూడో అంతస్తులో, పటాల గదిలో, పని అయిపోయింది అనుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉంటుంది.

పక్క బల్ల దగ్గర అక్క ఫోనెత్తింది. ఒకప్పుడు ఈ సంస్థ టెలిఫోను ఎక్స్ఛేంజి నడిపిన మనిషి, ఆ యంత్రం పోయాక ఈ గదిలో ఫిర్యాదులు వినడానికి వచ్చింది, వచ్చే ఏడు రిటైరవుతుంది, చిన్నా పెద్దా అందరికీ అక్కే. "లేదు నాయనా, మీ ఉత్తరం ఎక్కడికీ పోలేదు, మా దగ్గరే క్షేమంగా ఉంది. ఆఁ, పోస్టుమాస్టరు చూస్తున్నాడు. తొందరంటే ఎలా, చేతులు రెండున్నా మౌసు ఒకటే కదా!" అని పెట్టేసి ఇటు తిరిగింది. "ఏంటి తమ్ముడూ, అలా బిగుసుకుపోయావు? తెర మీద దెయ్యం గానీ కనబడిందా?" ఏం లేదక్కా, అన్నాడు. "ఏం లేకపోతే కానియ్. నా చెవి వాచిపోతోంది ఇక్కడ."

కానిస్తున్నాడు. పని చెప్పుకోవడానికి చిన్నదే. పాత పట్టిక లేదు గనక, ఆ మనిషికి తిరిగొచ్చిన ఉత్తరం కబుర్లోనే ఆ పాత చిరునామాని వెతకాలి, అది అక్కడ గుర్తుపట్టలేనంత చితికిపోయి ఉంటుంది, ఏటవాలు గీత ఉండాల్సిన చోట అడుగు గీత, ఖాళీ ఉండాల్సిన చోట కూడిక గుర్తూ ఇరవై అంకె, బ్రాకెట్ల బదులు ఇరవై ఎనిమిదీ ఇరవై తొమ్మిదీ, ఒక్కొక్కటే సరిచేసి, చిరునామాని మళ్ళీ మనిషిని చేసి, కొత్త పెట్టెకి అతికించి, నిలవున్న ఉత్తరాలని మళ్ళీ పంపు అని నొక్కాలి. మనిషికి రెండు నిమిషాలు. నలభై, వాల్వుల గోడౌను గుమాస్తా. నలభై ఒకటి, నీళ్ళ పరీక్షల ల్యాబు. జాబితా శాఖలవారీగా ఉంది, దూరపు శాఖలు చివర్న, రిజర్వాయరు పెద్ద ఇంజనీరు అరవై ఒకటో పేరు. లెక్క వద్దనుకున్నా బుర్ర ఆగదు కదా, రెండేసి నిమిషాల చొప్పున వరసగా చేసుకుపోతే ఆయన వంతు పన్నెండుకి పది నిమిషాల ముందు వస్తుంది. ఒక్క నాలుగైదు చోట్ల చెయ్యి తడబడితే పన్నెండు దాటాక వస్తుంది. ఇంతే. అతను ఏమీ చెయ్యక్కర్లేదు. ఏదీ చెరపక్కర్లేదు, ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు. కాస్త నిదానంగా ఉంటే చాలు. పన్నెండుంబావుకి ఉత్తరం చేరుతుంది, అప్పటికి వాళ్ళు తర్వాతి మనిషికి ఫోను చేసేసి ఉంటారు, సర్వరు గొడవ అంటారు, సర్వరుని ఎవరు తిట్టరు! ఆమె రెండు రోజులు ముభావంగా ఉంటుంది. తర్వాత మామూలే. ఇంట్లో ఉంటుంది. ఛీ, అనుకున్నాడు. అనుకుని నలభై రెండో పేరు తెరిచాడు, అది చాలా నెమ్మదిగా తెరుచుకున్నట్టనిపించింది, నెమ్మది యంత్రానిదో తనదో తేల్చుకోలేకపోయాడు.

గురువుగారుంటే వీపు పగలగొట్టేవాడు. పొట్టి మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు, పని నేర్పిన మొదటి రోజునే కుర్చీ పక్కన నిలబెట్టి చెప్పాడు, చూడు బాబూ, ఈ కుర్చీలో కూర్చుంటే అందరి ఉత్తరాలూ నీ కళ్ళముందే పోతాయి, పైన రాసిందే నీది, లోపల రాసింది నీది కాదు, ఆపడం నీ పని కాదు, తోసెయ్యడం నీ పని కాదు, చేర్చడమే నీ పని అని. ఇరవై మూడేళ్ళలో ఒక్క ఉత్తరం తెరవలేదు. తెరవమని అడిగిన పెద్దవాళ్ళున్నారు, ఫలానా గుమాస్తా యూనియన్‌వాళ్ళకి ఏం రాస్తున్నాడో కాస్త చూడవయ్యా అని, రాతపూర్వకంగా ఆర్డరివ్వండి అన్నాడు, నోరు మూసుకుని పోయారు. తన ఒంటికి పట్టిన గొప్ప ఏదైనా ఉందంటే అదొక్కటే. ఆ గొప్పకి కూడా సాక్షి ఆమే, అలాంటి రోజుల్లో ఇంటికెళ్ళి చెప్పుకుంటే, భేష్, అని వీపు తట్టేది. ఆ చెయ్యి వీపు మీద పడి ఎన్నాళ్ళైంది? పాప పుట్టకముందా? కాదు, పాప బడికెళ్ళేటప్పుడు కూడా. నలభై మూడు.

అసలు కలిసిందే ఉత్తరాల్లో. ఆమె పటాల గదిలో కొత్తగా చేరింది, పెట్టె తెరుచుకోవడం లేదని ఫిర్యాదు పెట్టింది, వెళ్ళి బాగుచేశాడు, ఎదురుగా ఉన్నంతసేపూ మాట పెగల్లేదు, కిందికొచ్చాక, మీ పెట్టె సిద్ధంగా ఉంది, ఇక ఎవరైనా ఉత్తరం రాయడమే తరువాయి, అని రాశాడు. ఎక్కడనుంచి వచ్చిందో ఆ ధైర్యం! ఆమె వెంటనే, అయితే మొదటిది మీకే, అని రాసింది. ఆ తర్వాత రోజూ, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, మధ్యలో మూడంతస్తుల మెట్లు. ఆరు నెలలకి ఆమె, నువ్వు రాతలో ఉన్నంత బాగా మాటలో లేవు, అయినా చేసుకుంటాను, అంది. పెళ్ళయ్యాక ఉత్తరాలు ఆగిపోయాయి, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి ఉత్తరాలేంటి, చూసినవాళ్ళు నవ్విపోరూ? ఫోన్లో రాసుకునేవి వేరు, తాళం పక్కింట్లో ఇచ్చాను, వచ్చేటప్పుడు బల్బు తీసుకురా. మాటల్లోకి మారాక అతని దగ్గర మిగిలింది ఒకటే మాట, నీ ఇష్టం. గోడలకి ఏ రంగు వేయిద్దాం, నీ ఇష్టం. పాపని ఏ బళ్ళో వేద్దాం, నీ ఇష్టం. అది తన మంచితనమనుకున్నాడు, ఎదుటిమనిషికి అడ్డు రాకపోవడం. ఒకసారి ఆమె గిన్నె కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది, నీ ఇష్టం అంటే నాకేదో సాయం చేసినట్టు అనుకుంటావు, బరువంతా నా నెత్తిన పెట్టి నువ్వు పక్కకి తప్పుకోవడం అది, అని. అతను దానికి, కుళాయి కారుతోంది, వాషరు మార్చాలి అన్నాడు. పోయినేడు పాప హాస్టలుకి వెళ్తానంటే దానితోనూ అదే అన్నాడు. నీ ఇష్టం తల్లీ. అది వెళ్ళిన రోజున స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు, నీళ్ళ చప్పుడులో వినబడదని. వినబడే ఉంటుంది. ఆమె తువ్వాలు తలుపు గడియకి తగిలించి వెళ్ళింది. కూడిక ఇరవై, ఖాళీ. కూడిక ఇరవై ఎనిమిది, బ్రాకెట్టు. నలభై ఆరు.

శుక్రవారం ఫోన్లో ఆమె గొంతులో ఎప్పుడూ లేని ఉత్సాహం ఉంది, దాన్ని దాచుకుంటోందని కూడా తెలుస్తోంది. "రిజర్వాయరు శాఖవాళ్ళు నన్ను రమ్మంటున్నారు, సర్వే అధికారిగా, మూడేళ్ళు. ఏమంటావు?" అంది. అతను తెర మీద వరుసలు చూస్తూ, "నీ ఇష్టం, ఇప్పుడు పనిలో ఉన్నాను," అన్నాడు. "సరే, పని చూసుకో," అని పెట్టేసింది. పెట్టేశాక అతనికి వరుసలు కనబడలేదు, మూడేళ్ళు అన్నది ఒకటే చెవిలో గిర్రున తిరిగింది, అలా తిరుగుతుండగానే నకలు నొక్కాడు. అంటే ఈ నాలుగువందల పన్నెండు ఉత్తరాలూ తిరిగొచ్చింది ఆ ఒక్క మాటవల్లే. పైకి చెబితే పిచ్చి పట్టిందంటారు.

ఫోను మోగింది, ఈసారి అతని బల్ల మీదే. విభాగం పెద్దాయన. "ఏమయ్యా, నేను రాసిన నోటు డైరెక్టరుకి అందలేదంటున్నాడు. ఇంకెంతసేపు?" అందింది సార్, పదిన్నరకే పంపాను, ఆయన తెరిచి చూసుకోవాలి. "అన్నీ పన్నెండుకల్లా అయిపోతాయా?" అయిపోతాయని నోటిదాకా వచ్చింది. "చూస్తున్నాను సార్," అన్నాడు. పెట్టేసి లేచి మంచినీళ్ళ దగ్గరికి వెళ్ళాడు. దాహం లేదు. గ్లాసు నింపి తాగాడు, మళ్ళీ నింపాడు, కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు మీద మబ్బు కేసి చూశాడు, చేతులు కడుక్కున్నాడు, కడిగిన చేతుల్ని రుమాలుతో వేలు వేలూ తుడుచుకున్నాడు. తిరిగొచ్చి కూర్చునేసరికి పదకొండూ ముప్ఫై ఒకటి. నలభై ఎనిమిదో పేరు. కళ్ళెత్తితే అక్క అతన్నే చూస్తోంది. "నువ్వింత తీరిగ్గా చేతులు కడుక్కోగా నేనెప్పుడూ చూళ్ళేదు తమ్ముడూ," అంది. ఎగతాళిగానే అంది.

దొరికిపోయాడు. అక్కకి కాదు, తనకి తనే. ఇక ఇలాగే పోతే అరవై ఒకటో పేరు పన్నెండు లోపల రాదు, ఆ సంగతి అతని చేతులకి అతనికంటే ముందే తెలుసు, అందుకే అంత శుభ్రంగా కడుక్కున్నాయి. భయమేస్తోంది, అని లోపల ఒప్పుకున్నాడు. ఏం భయం? ఆ ఇంటికి సాయంత్రం ఆరింటికి వెళ్ళి తాళం తనే తీసుకోవడం. లోపల దీపం లేకపోవడం. తన నోరు తను వినడం. ఆమె పక్క గదిలో ఏదో గొణుక్కుంటూ పటాలు చుట్టుకుంటుంటే ఇతను మాట్లాడకుండా ఉండడం వేరు, ఎవరూ లేని ఇంట్లో మాట్లాడకుండా ఉండడం వేరు, మొదటిది మౌనం, రెండోది ఏంటో పేరు కూడా తెలీదు. ఆమె అంటే ఇష్టం. అబ్బ, ఇష్టం కాదు, ప్రాణం. ఇరవై రెండేళ్ళ తర్వాత ఈ ఎర్ర గుర్తు పక్కన కూర్చుని తెలుసుకుంటున్నాడా ఈ ముక్క! లేదు, తెలుసు, ఎప్పుడూ తెలుసు, చెప్పడమే రాలేదు.

మరి ఆమెకి? ఇరవై మూడేళ్ళుగా నేల కింద పోయే గొట్టాలకి గీతలు గీస్తోంది, ఒక్కసారీ ఆ నేల మీద నిలబడలేదు. కొలతలు ఎవరో తెస్తారు, ఆమె గీస్తుంది, సంతకం ఇంకెవరో పెడతారు. ఆ కొలతలు తప్పని తెలిసినా గది దాటి వెళ్ళి చూసే వీల్లేదు, అడిగితే ఆడవాళ్ళకి ఎండలో ఎందుకమ్మా అన్నారు, పదేళ్ళు అదే అన్నారు. నిన్న మధ్యాహ్నం అతను అన్నానికని ఇంటికెళ్ళేసరికి బీరువా అడుగునుంచి పాత తోలు బూట్లు తీసి వరండాలో కూర్చుని గుడ్డతో తుడుస్తోంది, అరగంట తుడిచింది, తుడిచి కాళ్ళకేసుకుని రెండడుగులు వేసి చూసుకుంది. అతను పేపరు చాటునుంచి చూశాడు. ఆ రెండడుగులు వేసేటప్పుడు ఆమె ముఖం పెళ్ళికి ముందు ముఖంలా ఉంది. చూసి, పేపరు పైకెత్తుకున్నాడు. అడగాల్సింది అప్పుడే కదయ్యా! బూట్లెందుకు అని అడిగితే ఆమె చెప్పేది, చెబితే ఇతను ఏదో ఒకటి అనేవాడు, ఏమనేవాడు, అదే అనేవాడు. ఇప్పుడు ఆ బూట్లని మళ్ళీ బీరువా అడుక్కి పంపించే పని తన చేతిలో ఉంది, ఆపేస్తే, ఆమె ఇంట్లో ఉంటుంది, రోజూ ఉంటుంది, ఆ ముఖం మాత్రం ఉండదు, తనకి కావాల్సింది ఆ ముఖమే కదా, అది లేని మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తాడు? పైగా తెలిసి ఆపిన మనిషి పక్కన రోజూ పడుకోవాలి ఆమె, తెలియకుండా.

నలభై తొమ్మిదో పేరు అలాగే వదిలేసి జాబితా కిందికి జరిపాడు. వరస తప్పడం అతని అలవాటు కాదు, తోసెయ్యడం నీ పని కాదు అన్నాడు గురువుగారు, క్షమించండి సార్, నేను ఆపినంతసేపైనా ముందుకు తొయ్యాలి. అరవై ఒకటి. రిజర్వాయరు పెద్ద ఇంజనీరు. పాత చిరునామా అందరికంటే చితికిపోయి ఉంది, పెద్ద పేరు, బ్రాకెట్లో శాఖ, దాంట్లో మళ్ళీ గీతలు. ఒకసారి తప్పు అతికించాడు, కొత్త సర్వరు తిప్పికొట్టింది. మళ్ళీ మొదటినుంచి, ఒక్కొక్క అంకెనీ వేలితో తాకుతూ, బడిలో పిల్లాడిలా పైకి చదువుకుంటూ. అక్క ఏదో అడిగింది, చెయ్యెత్తి ఆగమన్నాడు. అతికింది. ఆయనకి నిలవున్న ఉత్తరాలు తొమ్మిది, తొమ్మిదో వరుస ఆమెది. తెరవలేదు. మళ్ళీ పంపు. ఎర్ర గుర్తు తిరిగింది, తిరిగింది, ఆకుపచ్చ అయింది. చేరింది. పదకొండూ నలభై ఏడు. అతనికి గొప్పగా ఏమీ అనిపించలేదు, ఒంట్లో బలమంతా ఎవరో బకెట్టుతో తోడేసినట్టుంది. "అయిందా?" అంది అక్క. అయింది, అన్నాడు. "మరి ఆ ముఖమేంటి, మనిషి పోయినట్టు?" వెళ్తోందక్కా, అనబోయి మింగాడు.

వెనక్కి వచ్చి కొన్ని పేర్లు గబగబా చేశాడు, చేతులు ఇప్పుడు బాగానే ఆడుతున్నాయి, పాపిష్టి చేతులు. మధ్యలో, మిగతావాళ్ళెవరెవరా అని జాబితా చివరికంటా జరిపి చూసుకుంటే అరవై మూడో వరుసలో ఉన్నది తన పేరు. ఔను మరి, అందరికీ వడ్డించాక తను తిందామని తన వరుసని పొద్దున తనే అడుక్కి నెట్టుకున్నాడు, నెట్టి మర్చిపోయాడు. కింద పదిహేడు ఉత్తరాలు. అందలేదు అందలేదు అని మొత్తుకునేవే అయి ఉంటాయనుకుంటూ అలవాటుగా పంపినవాళ్ళ పేర్లు చూశాడు. వాల్వుల గోడౌను, ల్యాబు, ల్యాబు, పెద్దాయన, పెద్దాయన. అన్నిటికంటే పాతది, ఎనిమిదీ యాభై రెండు, ఆమెది. విషయం గడి ఖాళీ. నాలుగువందల చిల్లర ఉత్తరాల్లో అతనికి చదివే హక్కున్నవి ఈ పదిహేడే. తన పాత చిరునామాని సరిచేసి తన పెట్టెకి అతికించుకున్నాడు. ఎంత ప్రయత్నించినా రెండు నిమిషాల కంటే తక్కువలో కాలేదు. మళ్ళీ పంపు.

"ఇంట్లో అడిగితే నువ్వు చెప్పవు. అందుకని ఇక్కడ రాస్తున్నాను, వెనకటిలా. పన్నెండు దాకా గడువుంది. నాకు వెళ్ళాలని ఉంది, అబద్ధమెందుకు. కానీ నువ్వు నిజంగా వద్దనుకుంటే, నోటితో రాకపోయినా చేత్తో ఒక్క మాట రాయి. ఆగిపోతాను. ఆ తర్వాత ఎప్పుడూ దెప్పను, అది నీకు తెలుసు. పదకొండు దాకా చూస్తాను. ఏమీ రాకపోతే, నేను ఉన్నా లేకపోయినా నీకు ఒకటేననుకుని పంపేస్తాను. వాన వచ్చేలా ఉంది, గొడుగు గుమ్మం పక్కనే పెట్టి వచ్చాను."

మెట్లు ఎలా ఎక్కాడో అతనికి తెలీదు. లిఫ్టు ఉందన్న సంగతి రెండో అంతస్తు దాటాక గుర్తొచ్చింది. మూడో అంతస్తు పటాల గదిలో పొడుగు బల్లలు, గోడ నిండా చుట్టలు చుట్టిన పటాలు, కిటికీ దగ్గర ఆమె ఒక్కతే. తలెత్తి చూసింది.

"ఏంటి, ఇంత పైకొచ్చావు? సర్వరు పడిపోయిందా?"

"నీ ఉత్తరం ఇప్పుడే చదివాను," అన్నాడు రొప్పుతూ.

"పొద్దున రాసింది అది."

"పొద్దున నాకు రాలేదు. వెనక్కొచ్చింది. తప్పు నాదే, శుక్రవారం ఒక వడపోత తీయలేదు. నువ్వు రాసినట్టే నాకు తెలీదు."

ఆమె చేతిలో పెన్సిలు బల్ల మీద పెట్టింది. "చూసి కూడా ఊరుకున్నావనుకున్నాను," అంది నెమ్మదిగా. "పదకొండు దాకా ఆ పెట్టె కేసే చూస్తూ కూర్చున్నాను. సిగ్గు లేకుండా పదకొండూ నాలుగు దాకా చూశాను. తర్వాత పంపేశాను."

"అదీ వెనక్కొచ్చింది."

"ఏంటీ!" లేచి నిలబడింది.

"కూర్చో. చేరిపోయింది. పదకొండూ నలభై ఏడుకి చేర్చాను. అప్పటిదాకా నా దగ్గరే ఉంది." ఇక్కడితో ఆపెయ్యొచ్చు, ఆమెకి ఎప్పటికీ తెలియదు. "ఆ నలభై మూడు నిమిషాల్లో కొంత పని వల్ల. కొంత నేను కావాలనే. పన్నెండు దాటిపోతే బాగుండుననుకున్నాను. చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను."

ఆమె కూర్చోలేదు. కోపమొస్తుందనుకున్నాడు, రావాలి కూడా. వచ్చింది, ముక్కుపుటాలు అదిరాయి, మళ్ళీ ఎక్కడికో పోయింది. "అయితే నేను నీకు రాసింది చదవకుండానే దాన్ని పంపావు."

"చదవకుండానే."

"పొద్దున్నే నీకు అంది ఉంటే ఏం రాసేవాడివి?"

గోడ గడియారంలో పన్నెండుకి రెండు నిమిషాలుంది.

"వెళ్ళొద్దని. నువ్వు లేకపోతే నాకు చేతకాదు అని."

ఆమె ముఖం ముడుచుకుపోయింది. బల్ల మీది పటం అంచు పట్టుకుని నిలబడింది. తెర మీద చిన్న చప్పుడైంది, ఇద్దరూ అటు చూశారు. రిజర్వాయరు శాఖనుంచి: అందింది, ఒకటో తారీఖున చేరండి. ఆమె అది చదివింది, రెండుసార్లు చదివింది, కళ్ళు తుడుచుకుంది.

"వెళ్తాను," అంది. "ఇందాకటిదాకా నీ మీద కోపంతో హాయిగా వెళ్దామనుకున్నాను. ఆ కాస్త హాయీ చెడగొట్టావు." అని ఏడుస్తూనే అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది.